గోదావరి నీరు తేరే తీరు: ద్రవాల నుంచి కొల్లాయిడ్ కణాలను వేరుచేసే పద్ధతులు

జగిత్యాల జిల్లా ధర్మపురి రేవులో వానాకాలం గోదావరి నీళ్లు బిందెలో పట్టి పెడితే ఇసుక రెండు మూడు నిమిషాల్లో అడుక్కు దిగుతుంది. కొన్ని గంటల్లో సన్న ఒండ్రు దిగుతుంది. నీటి రంగు మాత్రం దిగదు. రాత్రంతా కదపకుండా ఉంచినా తెల్లవారేసరికి పైనీరు మట్టిరంగులోనే ఉంటుంది. గుడ్డతో వడగట్టినా, ప్రయోగశాలల్లో వాడే మామూలు ఫిల్టర్ కాగితంతో వడగట్టినా ఆ రంగు చాలావరకు కిందికి జారిపోతుంది. అలా నీటిలో నిలిచిపోయే అతి సన్నని పదార్థమే కొల్లాయిడ్. దాని కణాల పరిమాణం సుమారు 1 నానోమీటరు నుంచి 1,000 నానోమీటర్ల వరకు, అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు నుంచి వెయ్యో వంతు వరకు ఉంటుంది. అంతకన్నా చిన్నవి ఉప్పు, చక్కెర మాదిరి కరిగిపోయిన అణువులు, అయాన్లు. అంతకన్నా పెద్దవి వాటి బరువుకే మునిగే మట్టి రేణువులు.

ఈ పదార్థాలను విడి వర్గంగా గుర్తించి 1861లో కొల్లాయిడ్ అన్న పేరు పెట్టినవాడు స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం. తాగునీటి శుద్ధి, చక్కెర, కాగితం, పాల పరిశ్రమలు, గ్రానైట్ కోత, థర్మల్ విద్యుత్తు, మూత్రపిండాల చికిత్స అన్నీ ఏదో ఒక దశలో కొల్లాయిడ్‌ను ద్రవం నుంచి విడదీయాల్సినవే. ఉత్తర తెలంగాణలో, ధర్మపురికి అటూ ఇటూ వంద కిలోమీటర్ల దూరంలో, వీటిలో చాలా పనులు జరుగుతున్నాయి లేదా ఇటీవలి దాకా జరిగాయి.

ఎందుకు దిగవు?

కణం నీటిలో దిగే వేగం దాని వ్యాసం వర్గానికి అనులోమంగా ఉంటుందని జార్జ్ స్టోక్స్ 1851లో చూపాడు. ఆ సూత్రం ప్రకారం లెక్కిస్తే, 20 డిగ్రీల నీటిలో మిల్లీమీటరులో పదో వంతు ఇసుక రేణువు ఒక మీటరు దిగడానికి రెండు నిమిషాలు చాలు. ఒక మైక్రాన్ (1,000 నానోమీటర్ల) బంకమట్టి కణానికి దాదాపు 13 రోజులు కావాలి. మైక్రాన్‌లో పదో వంతు కణానికి మూడున్నరేళ్లు పడుతుంది. అదీ నీరు అసలు కదలకుండా ఉంటేనే. నిజానికి అంత చిన్న కణాన్ని చుట్టూ ఉన్న నీటి అణువులు నిరంతరం తోస్తూ ఉంటాయి. బ్రౌనియన్ చలనం అనే ఆ కుదుపు ముందు భూమ్యాకర్షణ ఓడిపోతుంది.

రెండో కారణం విద్యుదావేశం. గోదావరి త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టి మహారాష్ట్రలోని నల్లరేగడి నేలల మీదుగా తెలంగాణకు వస్తుంది. ఆ నేలల్లో ప్రధానమైన బంకఖనిజం మాంట్‌మోరిల్లోనైట్. దాని పలకలు ఒక్కొక్కటి ఒక నానోమీటరు మందమే ఉంటాయి, పైగా వాటి మీద రుణావేశం బలంగా ఉంటుంది. ఒకే ఆవేశమున్న పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, కలిసి ముద్దకట్టవు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ జలాశయం ధర్మపురికి ఎగువన ఉంది. ముతక ఒండ్రు చాలావరకు అక్కడే ఆగుతుంది, 112 టీఎంసీల నిల్వకు కట్టిన జలాశయం పూడికతో కుదించుకుపోవడానికి కారణం అదే. గేట్లు ఎత్తినప్పుడు దిగువకు దూకే నీటిలో మాత్రం ఆగని సన్న బంకమట్టి ఉంటుంది. జలాశయం పెద్ద కణాలకు ఉచ్చు, కొల్లాయిడ్‌కు దారి.

కణాలను నెట్టే ఈ శక్తికీ, దగ్గరైతే అతుక్కునేలా చేసే వాండర్‌వాల్స్ ఆకర్షణకూ మధ్య పోటీని లెక్కగట్టినవారు సోవియట్ యూనియన్‌లో డెర్యాగిన్, లాండౌ (1941), నెదర్లాండ్స్‌లో వెర్వే, ఓవర్‌బీక్ (1948). నలుగురి పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని డీఎల్‌వీఓ సిద్ధాంతం అంటారు. ఆచరణలో ఆవేశాన్ని జీటా పొటెన్షియల్ అనే కొలతతో చూస్తారు. అది ధనమైనా రుణమైనా 30 మిల్లీవోల్టులు దాటితే కణాలు స్థిరంగా తేలుతుంటాయి, సున్నాకు దగ్గరైతే ముద్దకడతాయి.

వేరుచేసే పద్ధతులన్నీ ఇక్కడి నుంచి రెండు దారుల్లో నడుస్తాయి. ఒకటి కణాలను ముందు ఒకదానికొకటి అతికించి, పెద్దవయ్యాక దింపడమో వడగట్టడమో. రెండోది కణాన్ని ఉన్నంత చిన్నదిగానే ఉంచి, దానికి తగిన బలాన్నో సన్న రంధ్రాన్నో తేవడం. మొదటిది చవక, పాతది. రెండోది శుభ్రమైనది, ఖరీదైనది. లక్షల మందికి నీళ్లు ఇవ్వాల్సిన చోట మొదటి దారిని ఇంతవరకు ఏదీ పక్కకు నెట్టలేదు.

అతికించి దింపడం: స్కందనం

ఉప్పు కలిపితే కొల్లాయిడ్ విరుగుతుంది. ఎంత ఉప్పు కావాలన్నది ఉప్పులోని అయాన్ ఎన్ని ఆవేశాలు మోస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది. షుల్జ్ 1882లో గమనించి, హార్డీ 1900లో స్థిరపరచిన ఈ నియమానికి డిగ్రీ పాఠ్యపుస్తకాల్లో కనిపించే ఉదాహరణ ఆర్సెనిక్ సల్ఫైడ్ ద్రావణం. దాన్ని విరిచేందుకు లీటరుకు సోడియం క్లోరైడ్ 51 మిల్లీమోళ్లు కావాలి. మెగ్నీషియం క్లోరైడ్ 0.72 చాలు. అల్యూమినియం క్లోరైడ్ అయితే 0.093 సరిపోతుంది. మూడు ధనావేశాలు మోసే అల్యూమినియం ఒక ఆవేశపు సోడియం కంటే ఐదు వందల రెట్లకు పైగా శక్తిమంతం. నీటిని తేర్చే పటిక రహస్యంలో సగం ఇదే.

ఒక ఆవేశపు సోడియం కూడా ఎక్కువ మోతాదులో ఉంటే అదే పని చేస్తుంది. ధర్మపురి నుంచి కిందికి పోయిన బంకమట్టి సముద్రం ఒడ్డున లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న నీటిని తాకగానే ముద్దకట్టి దిగుతుంది. కోనసీమ ఒండ్రు నేలలు పేరుకోవడంలో ప్రవాహవేగం తగ్గడంతో పాటు ఈ స్కందనానికీ పాత్ర ఉంది.

మిగతా సగం రహస్యం జలవిశ్లేషణ. పటిక నీటిలో కరగగానే అల్యూమినియం నీటితో చర్య జరిపి అల్యూమినియం హైడ్రాక్సైడ్ అనే తెల్లని జిగురు తునకలను ఇస్తుంది. మోతాదు తక్కువైనప్పుడు అల్యూమినియం ధనావేశ రూపాలు బంకమట్టి మీద కూర్చుని రుణావేశాన్ని చంపుతాయి. శుద్ధి కేంద్రాల్లో వాడే మోతాదులో తునకలే వలలా కిందికి దిగుతూ దారిలోని కణాలను ఊడ్చుకుపోతాయి. ఇది చక్కగా జరగాలంటే నీటి పీహెచ్ సుమారు 6 నుంచి 7.5 మధ్య ఉండాలి, తగినంత క్షారత ఉండాలి. ఒక మిల్లీగ్రాము అల్యూమినియం సల్ఫేట్ దాదాపు అర మిల్లీగ్రాము క్షారతను తినేస్తుంది. వాన నీరు కలిసి నది పలచబడిన రోజుల్లో క్షారత తగ్గితే సున్నం కలపక తప్పదు.

ఇళ్లలో బిందెలో తిప్పే పటిక పొటాషియం అల్యూమినియం సల్ఫేట్. శుద్ధి కేంద్రాలు వాడేది ఎక్కువగా మామూలు అల్యూమినియం సల్ఫేట్, అక్కడివారు ఆలం అంటారు. ఇప్పుడు చాలాచోట్ల ద్రవరూపంలో పాలీ అల్యూమినియం క్లోరైడ్ వచ్చింది. అది ముందే కొంత జలవిశ్లేషణ చెందినది కాబట్టి క్షారతను తక్కువ తింటుంది, పీహెచ్ అటూ ఇటూ అయినా పనిచేస్తుంది.

ఎంత వేయాలన్నది పుస్తకం చెప్పదు, జార్ టెస్ట్ చెబుతుంది. ఆరు బీకర్లలో ఒక్కో లీటరు నది నీరు పోసి, ఒక్కోదానిలో ఒక్కో మోతాదు వేస్తారు. ఒక నిమిషం వేగంగా, ఇరవై నిమిషాలు నెమ్మదిగా కలిపి, అరగంట ఆగి ఏ బీకరు తేటపడిందో చూస్తారు. వరద రోజుల్లో ఎగువన గేట్లు ఎన్ని ఎత్తారన్నదాన్ని బట్టి పూటకో రకం నీరు వస్తుంది. నిన్నటి మోతాదు ఇవాళ పనికిరాదు. ఎక్కువ వేస్తే మంచిదనుకోవడమూ పొరపాటే. ఆవేశం సున్నా దాటి ధనం వైపు పోతే కణాలు మళ్లీ నెట్టుకోవడం మొదలుపెడతాయి, నీటిలో మిగిలే అల్యూమినియం కూడా పెరుగుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం తాగునీటిలో అల్యూమినియం లీటరుకు 0.03 మిల్లీగ్రాము మించరాదు, వేరే నీటివనరు లేనిచోట 0.2 దాకా ఒప్పుకుంటారు. మడ్డితనానికి ఆ హద్దులు 1, 5 ఎన్‌టీయూలు (మడ్డితనాన్ని కొలిచే యూనిట్లు).

శుద్ధి కేంద్రంలో ఇదే పని పెద్ద ఎత్తున జరుగుతుంది. ముందు ఆలంను క్షణాల్లో నీరంతటా కలిపే వేగవంతమైన మిక్సర్. తర్వాత క్లారిఫ్లాక్యులేటర్ అనే గుండ్రని తొట్టి. దాని నడుమ తెడ్లు నెమ్మదిగా తిరుగుతూ తునకలను పెంచుతాయి, బయటి వలయంలో రెండు మూడు గంటల్లో అవి అడుక్కు చేరుతాయి. చివర ఇసుక పడకలు. తెడ్డు వేగం పెంచితే పెరిగిన తునకలు విరిగిపోతాయి. కణాలు ఢీకొనే వేగాన్ని స్మొలుహోవ్‌స్కీ 1917లో లెక్కించాడు, కలపడంలో ఆ నెమ్మదికి ఆధారం ఆ లెక్కలే. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ తాగునీటి పథకం నదీజలాలను శుద్ధి చేసే వరస ఇదే. హైదరాబాద్‌కు గోదావరి నీరు అందించే పథకమూ అంతే. అది ఎల్లంపల్లి జలాశయం నుంచి ముర్మూరు దగ్గర నీటిని ఎత్తి, మల్లారం కేంద్రంలో తేర్చి, రోజుకు 172 మిలియన్ గ్యాలన్ల సామర్థ్యంతో పంపుతుంది.

గింజలు, జిగుర్లు

పటికకు ముందూ తర్వాతా జనం చేతిలో ఉన్నవి మొక్కలు. ఆదిలాబాద్, కరీంనగర్ ఆకురాల్చే అడవుల్లో పెరిగే ఇండుప చెట్టు గింజను చిల్లగింజ అంటారు, సంస్కృతంలో కతకం. కుండ లోపలి గోడకు ఆ గింజను అరగదీసి నీరు పోస్తే కొన్ని గంటల్లో తేరుతుంది. సుశ్రుత సంహిత నీటిని తేర్చే ఏడింటిని చెబుతూ మొదట చెప్పింది కతకాన్నే. కతకం పేరు తలచినంత మాత్రాన నీరు తేరదని మనుస్మృతి ఒకచోట అంటుంది. మాటకూ పనికీ తేడా చెప్పడానికి వాడిన ఆ ఉపమానం, గింజ వాడకం అప్పటికే అందరికీ తెలిసిందని చూపిస్తుంది. చిల్లగింజలోని పొడుగాటి చక్కెర గొలుసులు, ప్రొటీన్లు కణానికీ కణానికీ మధ్య వంతెనలు వేస్తాయి. ఆ గొలుసులది రుణావేశమే, అయినా పనిచేస్తాయి. ఆవేశం చంపడం ఒక్కటే దారి కాదని దీనితో తెలుస్తుంది. ఈ చెట్టు ముషిణికి దగ్గరి బంధువు. ముషిణి గింజ విషం కాబట్టి గుర్తు తెలియనివాళ్లు అడవిలో ఏరుకుని వాడకూడదు.

మునగ గింజల పొడిది వేరే పద్ధతి. వాటిలోని ప్రొటీన్లు ధనావేశం మోస్తాయి, పటికలా నేరుగా బంకమట్టిని పడతాయి. సూడాన్ పల్లె స్త్రీలు నైలు నీటిని ఇలా తేర్చుకోవడం శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చాక దీనిమీద పరిశోధన పెరిగింది. చిక్కేమిటంటే గింజలోని ఇతర సేంద్రియ పదార్థం నీటిలో మిగిలిపోతుంది, రెండు రోజులు నిల్వ ఉంచితే వాసన వస్తుంది. ఇంటి అవసరానికి సరే, పట్టణ సరఫరాకు కాదు.

బెల్లం వండేచోట బెండ జిగురు ఇదే పని చేస్తుంది. చెరకు రసంలో ప్రొటీన్లు, జిగుర్లు, మైనం కొల్లాయిడ్‌గా ఉంటాయి. మరిగే రసంలో నలగ్గొట్టిన బెండ కాండపు జిగురు, కొంచెం సున్నం వేస్తే అవన్నీ తెట్టెగా పైకి తేలతాయి. వాటిని తీసేస్తేనే బెల్లం రంగు తేరుతుంది. చక్కెర మిల్లుల్లో సున్నం, గంధకం మండిస్తే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్, వేడి కలిపి ఈ పనిని క్లారిఫయర్లలో చేస్తారు. అడుగున దిగిన మడ్డిని వడగట్టగా వచ్చే ప్రెస్‌మడ్‌ను రైతులు ఎరువుగా పొలాలకు తోలుకుంటారు. జగిత్యాల జిల్లాలో ఈ పని చేసిన మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది.

కాగితం తయారీలో లక్ష్యం తిరగబడుతుంది. అక్కడ సన్న నారనూ, పూరక ఖనిజాన్నీ నీటితో పోనీయకుండా కాగితంలోనే నిలపాలి. 1938లో స్థాపించిన కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి, 2018లో జేకే పేపర్ చేతికి వచ్చాక మళ్లీ నడిచింది. ఇటువంటి మిల్లుల్లో ఆలం, పాలిమర్లు నార మీదికి సన్న కణాలను అతికిస్తాయి. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ కోసి మెరుగుపెట్టే యూనిట్లలో వచ్చే బూడిదరంగు స్లరీకి పాలీఅక్రిలమైడ్ వంటి పొడుగాటి పాలిమర్ చుక్కలు వేసి, అడుగున చేరిన ముద్దను ఫిల్టర్ ప్రెస్‌లో పిండి, పైనీటిని మళ్లీ రంపాల మీదికి పంపవచ్చు. అలా చేయక స్లరీని ఖాళీ జాగాలో పోసేస్తే ఎండాక సన్న దుమ్ముగా లేచి ఊరి మీద పడుతుంది.

ఇసుక చేసే పని

నీరు తగ్గిన నదిలో ఇసుకను చేత్తో తోడి చెలిమె చేసుకుని తేట నీళ్లు ముంచుకోవడం గోదావరి తీరపు పాత అలవాటు. నదిలో కనిపించే నీటికన్నా చెలిమె నీరు తేటగా ఉండటానికి కారణం ఇసుక జల్లెడలా అడ్డుకోవడం అనుకుంటారు. లెక్క అలా లేదు. అర మిల్లీమీటరు ఇసుక రేణువుల మధ్య ఖాళీ ఒక మైక్రాన్ కణానికి ఎన్నో రెట్లు పెద్దది. కణం రేణువుకు తగిలి అతుక్కోవడం వల్లే ఆగుతుంది. చాలా చిన్న కణం బ్రౌనియన్ కుదుపుతో రేణువును చేరుతుంది, పెద్దది బరువుతో చేరుతుంది. ఒక మైక్రాన్ దగ్గరున్నవి రెండింటికీ చిక్కక ఎక్కువగా తప్పించుకుంటాయి. అందుకే ఆలం వేయని మడ్డి నీటిని వేగపు ఇసుక వడపోత తేర్చలేదు. శుద్ధి కేంద్రాల్లో చదరపు మీటరుకు గంటకు ఐదారు ఘనపు మీటర్ల నీరు దిగే పడకలను తరచు కిందినుంచి నీటితో, గాలితో కడుగుతారు.

నెమ్మది ఇసుక వడపోత దానికన్నా పాతిక రెట్లకు పైగా నిదానం. జేమ్స్ సింప్సన్ 1829లో లండన్ చెల్సీలో దీన్ని కట్టాడు. ఇసుక పై పొరలో పెరిగే జీవుల జిగురు పొర కొల్లాయిడ్‌నూ బాక్టీరియానూ పడుతుంది. 1892లో ఎల్బే నది నీటిని వడగట్టకుండా తాగిన హాంబర్గ్‌లో కలరాకు ఎనిమిది వేల మందికి పైగా పోయారు. పక్కనే ఉన్న ఆల్టోనా అదే నది నీటిని, అదీ హాంబర్గ్ మురుగు కలిశాక, ఇసుకలో వడగట్టి తాగి పెద్దగా దెబ్బతినలేదు. అయితే వరద గోదావరి మడ్డిని ఈ పడక నేరుగా తట్టుకోలేదు, వారంలోపే పూడిపోతుంది.

బలం, రంధ్రం, విద్యుత్తు

అపకేంద్ర బలంతో భూమ్యాకర్షణను వేల రెట్లు పెంచితే స్టోక్స్ లెక్క మారిపోతుంది. స్వీడన్ ఇంజినీరు గుస్తాఫ్ డి లావల్ 1878లో చేసిన మీగడ తీసే యంత్రం నేటి పాల డెయిరీలన్నిటికీ పూర్వికుడు. అది మూడు నాలుగు మైక్రాన్ల వెన్న బొట్లను విడదీస్తుంది, మైక్రాన్‌లో పదో వంతుకు అటూ ఇటూగా ఉండే కేసిన్ కణాలను వదిలేస్తుంది. వాటికి మళ్లీ స్కందనమే గతి. పీహెచ్ 4.6కు దిగితే కేసిన్ ఆవేశం పోయి పాలు విరుగుతాయి, నిమ్మరసం పిండినప్పుడు జరిగేది ఇదే. ప్రొటీన్ అణువులను సైతం దింపేంత బలమున్న అల్ట్రా సెంట్రిఫ్యూజ్‌ను రూపొందించిన స్వేద్‌బెరీకి 1926లో నోబెల్ వచ్చింది. అది ప్రయోగశాల సాధనం, పెద్ద నీటి పనులకు కాదు.

పొరల కథ గ్రాహంతోనే మొదలు. కరిగిన ఉప్పును పోనిచ్చి కొల్లాయిడ్‌ను ఆపే పొరతో ఆయన చేసిన డయాలిసిస్, 1943లో విలెం కోల్ఫ్ చేతిలో కృత్రిమ మూత్రపిండమైంది. ఒత్తిడి పెట్టి నీటిని పొరగుండా నెట్టడాన్ని బెకోల్డ్ 1907లో అల్ట్రా ఫిల్ట్రేషన్ అన్నాడు. ఇప్పటి అల్ట్రా పొరల రంధ్రాలు ఇంచుమించు 2 నుంచి 100 నానోమీటర్లు, కాబట్టి రసాయనం లేకుండానే కొల్లాయిడ్ ఆగుతుంది. ఆగిన కొల్లాయిడ్ పొర మీదే పేరుకుని రంధ్రాలు మూసేయడం దీని జబ్బు. అందుకే వెనక్కి కడగడం, మందులతో శుభ్రం చేయడం, ముందే కాస్త ఆలం వేయడం తప్పవు. ఊరూరా వెలసిన ఆర్‌ఓ నీటి ప్లాంట్లకు ఇది మరీ ముఖ్యం. వాటి ముందుండే 5 మైక్రాన్ల కార్ట్రిడ్జ్‌లోంచి కొల్లాయిడ్ సులభంగా జారి, అసలు పొరను పాడుచేస్తుంది. నీరు పొరకు తగునో లేదో తేల్చడానికి 0.45 మైక్రాన్ల వడపోతను ఎంత త్వరగా పూడుస్తుందో చూసే సిల్ట్ డెన్సిటీ ఇండెక్స్ వాడతారు. అది 5 లోపు ఉండాలి.

థర్మల్ కేంద్రాల బాయిలర్లలో మరో రకం చిక్కు. నీటిలోని సిలికా కొంత కొల్లాయిడ్ రూపంలో ఉంటుంది. ఆవేశం ఆధారంగా పనిచేసే అయాన్ మార్పిడి రెజిన్లు దాన్ని సరిగా పట్టలేవు. బాయిలర్ ఒత్తిడిలో అది కరిగి, ఆవిరితో వెళ్లి టర్బైన్ రెక్కల మీద గాజులా పేరుకుంటుంది. రామగుండం వంటి నదీజలాల మీద నడిచే కేంద్రాలకు స్కందనం, అల్ట్రా ఫిల్ట్రేషన్ ఇందుకే కావాలి.

బంకమట్టి కణాలు విద్యుత్ క్షేత్రంలో ధన ధ్రువం వైపు కదులుతాయని మాస్కోలో రాయిస్ 1809లో చూపాడు. అల్యూమినియం లేదా ఇనుప పలకల నుంచి విద్యుత్తుతో అయాన్లను కరిగించే ఎలక్ట్రో కోయాగ్యులేషన్ ఇప్పుడు చిన్న పరిశ్రమల మురుగుకు వాడుకలో ఉంది. నూనె, నాచు వంటి తేలికపాటి వాటిని కిందికి దింపే బదులు సన్న గాలి బుడగలతో పైకి తేల్చడం మరో దారి.

ఏ పద్ధతిలోనైనా తీసిన కొల్లాయిడ్ ఎక్కడికో చేరాలి. ఆలం మడ్డిలో 98 శాతానికి పైగా నీరే ఉంటుంది. జిగురుగా ఉండి పిండినా తొందరగా నీరు వదలదు. కొత్త కేంద్రం కట్టేటప్పుడు అంచనాల్లో మడ్డి ఆరబెట్టే పడకలకు చివరి స్థానం ఇస్తారు. అవి సరిపోకపోతే క్లారిఫయర్ అడుగు నీరు మళ్లీ వాగులోకే పోతుంది. పద్ధతుల మంచిచెడ్డలు పోల్చేవారు తేట నీటి ఖర్చుతో పాటు ఈ మడ్డి ఖర్చునూ లెక్కలోకి తీసుకోవాలి.

2015 జూలైలో గోదావరి పుష్కరాలు జరిగాయి, తర్వాతివి 2027లో. ధర్మపురికి వచ్చే యాత్రికులకైనా, వరద రోజుల్లో నల్లా ఆగిన ఊళ్లవారికైనా ఒక్క మాట. పటికతోగానీ చిల్లగింజతోగానీ తేర్చిన నీటిలో మట్టి పోతుంది, దానితో కొన్ని క్రిములు కూడా పోతాయి, అన్నీ పోవు. తేరిన పైనీటిని అడుగు కదలకుండా వంచుకుని, కాచి చల్లార్చిగానీ తగినంత క్లోరిన్ కలిపిగానీ తాగండి.